తులం తూటా నాకు అచ్చిరాలేదు

రైఫిల్ కొనడానికి ఒక పూట పట్టింది. దానికి తూటా ఏదో తేల్చుకోవడానికి నెలన్నర పట్టింది. నాది .308 విన్‌చెస్టర్ (అది పట్టే తూటా సైజు పేరు), 22 అంగుళాల బ్యారెల్, తేలికపాటి ప్లాస్టిక్ మడమ. మేముండేది టెక్సస్ హిల్ కంట్రీ అంచున. నవంబరు మొదటి శనివారం జింకల సీజన్ మొదలైపోతుంది. దుకాణానికి వెళ్తే ఒక గోడ నిండా .308 పెట్టెలే.

కౌంటర్లో ఉన్నాయన ఏం వేటాడతావని కూడా అడక్కుండా 180 గ్రెయిన్ పెట్టె చేతిలో పెట్టాడు. బరువెక్కువైతే మంచిదే కదా అని తెచ్చేశా. గ్రెయిన్ అంటే గింజ. మన కంసాలి గురిగింజలతో తూచినట్టు వీళ్లు బుల్లెట్‌ని గ్రెయిన్లలో తూస్తారు. ఇంటికొచ్చి లెక్కేస్తే 180 గ్రెయిన్లు సరిగ్గా ఒక తులం! "తులాలకు తులాలు మట్టిలో పోసొస్తారన్నమాట" అంది మా ఆవిడ.

కాల్పులు సాధన చేసే రేంజ్‌లో 100 గజాల దగ్గర మూడు గుళ్లు కాలిస్తే మూడూ మూడు దిక్కులు, నాలుగంగుళాల మేర. రెండో వరసకే భుజం కమిలింది. రైఫిల్‌దే లోపమనుకుని స్కోప్ (గురి చూసే దుర్బిణి) బోల్టులన్నీ బిగించా. మా పక్కింటి పెద్దాయన ముప్పై ఏళ్లుగా వేటాడుతున్నవాడు. ఏం మాట్లాడకుండా రైఫిల్ తీసుకుని, తూటా పెట్టినట్టు నటించి ఖాళీదే ఇచ్చాడు. నేను ట్రిగ్గర్ నొక్కా. టిక్‌మంది, అంతే. పేలకుండానే బ్యారెల్ మూతి, చేపను పొడిచే కొంగలా కిందికి పోయింది. దెబ్బకు ముందే జంకుతున్నానన్నమాట. ఆయన నవ్వలేదు, అదొక్కటే దయ.

తర్వాత ఆయన సలహా మీద ఒక్కో రకం ఒక్కో పెట్టె, 20 తూటాలు. బరువు మారితే తగిలే చోటూ మారుతుందని అప్పుడే కళ్లారా చూశా: స్కోప్ ముట్టుకోకుండా 180 నుంచి 150కి మారితే గుళ్లు తగిలే గుంపు రెండంగుళాలు పైకెక్కింది. ప్రతి మూడు గుళ్లకూ బ్యారెల్ చల్లారనివ్వాలి. ఆగస్టు ఎండలో ఇదో తపస్సు.

రెమింగ్టన్ కోర్-లాక్ట్ 150 గ్రెయిన్: ఆకుపచ్చ, పసుపు పెట్టె, 1939 నుంచీ ఉన్న పాతకాపు. ముక్కు దగ్గర సీసం బయటికి కనిపిస్తుంది, రాగి తొడుగు నడుమ మందంగా ఉంటుంది. అందుకే ముందు భాగం పుట్టగొడుగులా విచ్చుకున్నా వెనక భాగం సీసాన్ని పట్టుకుని ఉంటుంది. వేగం సెకనుకు 2,820 అడుగులు. నా రైఫిల్లో మూడు గుళ్లూ అంగుళంపావులో కూర్చున్నాయి. ముప్పై డాలర్ల చిల్లర. ఫెడరల్ ఫ్యూజన్ 165 కూడా బాగా కాల్చింది, అంగుళంన్నర. దాంట్లో రాగిని సీసం మీద పూతలా ఎక్కిస్తారు కాబట్టి తొడుగు ఊడే బెడద తక్కువ. అడవిపందులకు దాన్ని దాచుకున్నా, వాటి భుజం మీద తోలు మరీ దళసరి. ఒక ఖరీదైన "మ్యాచ్" రకం (గురి పోటీలకు చేసేది) కాగితం మీద అన్నిటినీ ఓడించింది కానీ అది కాగితానికే. పల్చటి తొడుగు బుల్లెట్ జింకలో ఎలా ప్రవర్తిస్తుందో నమ్మలేం. పూర్తి రాగివి దాదాపు రెట్టింపు ధర. కాలిఫోర్నియాలో ఉండుంటే 2019 జులై నుంచి వేటకు సీసం కుదరదు గనక అవే కొనక తప్పేది కాదు.

హెచ్1బీ మీదున్న తమ్ముళ్లకు ఒక మాట: చేతిలో వేట లైసెన్సు లేకుండా తుపాకీ జోలికి పోకండి, ఫెడరల్ చట్టం ఊరుకోదు.

నవంబరు రెండో వారం, లానో దగ్గర లీజు పొలంలో, మంచె మీద. చిన్నప్పుడు మంచిర్యాల దగ్గర మా తాత మక్కచేను కాపలాకు కట్టుకున్న మంచెలాంటిదే, కాకపోతే దీనికి కుషన్ కుర్చీ. తెల్లవారాక 90 గజాల్లో ఆడ జింక అడ్డంగా నిలబడింది. 150 గ్రెయిన్. నలభై అడుగులు పరుగెత్తి లైవ్ ఓక్ చెట్టు కింద పడిపోయింది. ఇక్కడి జింకలు పెద్ద శరీరాలు కావు, తులం అక్కర్లేదు.

తోలు తీస్తుంటే అవతలి పక్క చర్మం కింద బుల్లెట్ చేతికి తగిలింది. భుజం ఎముక విరగ్గొట్టి అక్కడ ఆగింది. కడిగి, మా ఆవిడ నగలు తూచే చిన్న కాటా మీద పెడితే 6.8 గ్రాములు. బయల్దేరినప్పుడు 9.7. ఎముకకు తగిలాక అంత మిగలడం నాకు చాలు.

సీజన్ మధ్యలోనే మళ్లీ దుకాణానికి వెళ్లి, పెట్టె మూత మీద లాట్ నంబరు (ఒకే విడతలో తయారైన సరుకు గుర్తు) సరిచూసుకుని అదే లాట్‌వి నాలుగు పెట్టెలు తెచ్చా. లాట్ మారితే గురి మళ్లీ చూసుకోవాల్సి వస్తుంది. 180లో పద్నాలుగు మిగిలాయి, ఎవరికైనా కావాలంటే చెప్పండి. భుజానికి జండూ బామ్ మాత్రం మీరే తెచ్చుకోవాలి.