ముందు ఏది చూడాలి: కామెరూన్ 1990, సెనెగల్ 2002?

రెండూ ఫుట్‌బాల్ ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లిన జట్లే. చెరి ఐదు మ్యాచ్‌లు.

తొలి దెబ్బ: కామెరూన్ 1-0తో అర్జెంటీనాను ఓడించింది. ఒమామ్ బియిక్ హెడర్‌తో గోల్ కొట్టాడు, ఇద్దరికి రెడ్ కార్డ్ పడి మ్యాచ్ ముగిసేసరికి మైదానంలో కామెరూన్‌కు మిగిలింది తొమ్మిది మందే. సెనెగల్ కూడా 1-0తోనే ఫ్రాన్స్‌ను పడగొట్టింది. గోల్ పాపా బూబా డియోప్‌ది.

ఆయుధం: 38 ఏళ్ల రోజర్ మిల్లా సబ్‌స్టిట్యూట్‌గా దిగి నాలుగు గోల్స్ చేశాడు. అలసిన డిఫెండర్ల మీదికి అతన్ని వదలడమే అసలు ఎత్తు. సెనెగల్‌కు ఫార్వర్డ్ డియూఫ్ వేగం.

లోపం: కామెరూన్‌ది మొరటు ట్యాక్లింగ్. నలుగురు సస్పెండై ఇంగ్లండ్ మ్యాచ్‌కు దూరమయ్యారు. ఆ మ్యాచ్‌లో 2-1 ఆధిక్యం రెండు పెనాల్టీలతో చేజారింది. సెనెగల్ ఉరుగ్వేపై 3-0 నుంచి 3-3కి జారింది. చివరికి క్వార్టర్ ఫైనల్‌లో టర్కీ కొట్టిన గోల్డెన్ గోల్‌తో (అదనపు సమయంలో పడగానే మ్యాచ్‌ను ముగించే గోల్, అప్పటి నిబంధన) దాని ప్రయాణం ముగిసింది.

ఉద్వేగం కావాలంటే కామెరూన్. కౌంటర్ అటాక్ (బంతి దక్కగానే మెరుపు ఎదురుదాడి) నేర్చుకోవాలంటే సెనెగల్‌తో మొదలుపెట్టండి, ఫ్రాన్స్ మ్యాచ్ ఒక్కటైనా సరే.