పెద్ద పేరా, దగ్గరి మనిషా? విద్యార్థులు పిలిచే వక్త ఎవరైతే మేలు

విద్యార్థులే నడుపుకునే అతిథి ప్రసంగాల సంఘం ఏటా మొదటి సమావేశంలో ఒకే ప్రశ్న దగ్గర ఆగుతుంది: ఎవరిని పిలవాలి? ఈసారి మా నల్లబల్ల మీద రెండు పేర్లు మిగిలాయి. ఒకటి అందరూ ఎరిగిన పేరు. రెండోది, ఆరేళ్ల కిందట ఇదే బడిలో చదివి ఇప్పుడు ఒక ఆసుపత్రి ప్రయోగశాలలో రక్తపరీక్షలు చేస్తున్న యువతి పేరు. చేతులెత్తమంటే దాదాపు అన్నీ మొదటి పేరుకే లేచాయి. సంఘానికి తోడుగా ఉండే ఉపాధ్యాయుడిగా నాకు ఓటు లేదు. ఉండి ఉంటే రెండో పేరుకే వేసేవాణ్ణి.

పెద్ద పేరుకు ఉన్న బలం తక్కువది కాదు. హాలు నిండుతుంది. ఎప్పుడూ రాని పిల్లలు కూడా వస్తారు. సంఘాన్ని పట్టించుకోని వారికి అది ఒకటుందని తెలుస్తుంది. అయితే పెద్దవారి తేదీ దొరకడమే ఒక ప్రయాస. లేఖకు జవాబు సహాయకుల నుంచి వస్తుంది, తేదీ రెండు మూడు సార్లు జరుగుతుంది, చివరికి అది పరీక్షల వారంలో వచ్చి పడుతుంది. అంతకంటే నన్ను బాధపెట్టేది మరొకటి ఉంది. అతిథి స్థాయి పెరిగేకొద్దీ ఏర్పాట్లు పెద్దల చేతిలోకి వెళ్లిపోతాయి. పిలిచిన పిల్లలు కుర్చీలు సర్దేవారుగా మిగిలిపోతారు.

ఒక ఏడాది సరిగ్గా అదే జరిగింది. గంట కార్యక్రమం 40 నిమిషాలు ఆలస్యంగా మొదలైంది. స్వాగతాలు, పరిచయాలు సాగినంత సేపు సాగాయి. ప్రశ్నలకు మిగిలింది రెండింటికి చోటు. ఆ రెండూ ఉపాధ్యాయులు రాసిచ్చినవే. మూడు నెలలపాటు లేఖలు రాసి, తిరగరాసి ఆ అతిథిని రప్పించిన అబ్బాయికి ఆయనతో ఒక్క మాట మాట్లాడే వీలు కలగలేదు. తప్పు అతిథిది కాదు, ఏర్పాటుది. ఆ అబ్బాయి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

బ్రిటన్‌లోని కేంబ్రిడ్జ్ యూనియన్, ఆక్స్‌ఫర్డ్ యూనియన్ వంటి విద్యార్థుల చర్చా సంఘాలకు దేశాధినేతలు వస్తారు కదా అని పిల్లలు అడుగుతుంటారు. మొదటిది 1815లో, రెండోది 1823లో పుట్టాయి. అక్కడికి వచ్చేవారిని రప్పిస్తున్నది రెండు వందల ఏళ్ల పరపతి. నిన్న పుట్టిన సంఘం వాటితో పోల్చుకుని చిన్నబుచ్చుకోనక్కరలేదు.

ఇక దగ్గరి మనిషి. తరగతి గదిలో ముప్పై మంది, ఎదురుగా ఒక కుర్చీ. అక్కడ వచ్చే ప్రశ్నలే వేరు. మొదటి జీతం ఎంత? మొదటిసారి తప్పు చేసినప్పుడు ఏమైంది? ఇంట్లో వద్దంటే ఏం చేశారు? ఈ చదువులో మీకు అసలు నచ్చనిది ఏది? 16, 17 ఏళ్ల వయసులో ఏ దారి పట్టాలో తేల్చుకోవలసిన పిల్లలకు ఇవి వినోదపు ప్రశ్నలు కావు. ముప్పై ఏళ్ల కిందటి కష్టాన్ని తలచుకునేటప్పుడు ఎవరికైనా అది కథలా కుదురుగా అమరిపోతుంది. దూరపు కొండలు నునుపు. పైగా అప్పటి ప్రవేశ నిబంధనలు, అప్పటి ఉద్యోగాలు ఇప్పుడు ఉండకపోవచ్చు. ఆరేళ్ల కిందట అదే బెంచీలో కూర్చున్న మనిషికి ఏ నెలలో ధైర్యం సన్నగిల్లిందో కూడా గుర్తుంటుంది.

ఈ పక్షానికీ లోపాలున్నాయి. ఇలాంటి వక్తలకు సభలో మాట్లాడే అలవాటు ఉండదు. తెర మీది వాక్యాలను చదువుకుంటూ పోతారు, పావుగంటలో గది నీరసిస్తుంది. అందుకే వారిని ప్రసంగించమని అడగకూడదు. ఇద్దరు విద్యార్థులు ఎదురుగా కూర్చుని 20 నిమిషాలు ముఖాముఖి నడపాలి, మిగిలిన సమయమంతా గదికి వదిలేయాలి. ఆరితేరిన వక్తలకు సైతం, చిన్న ప్రసంగాలకు పేరుపడ్డ టెడ్ వేదిక 18 నిమిషాల గడువే పెట్టింది. రెండో లోపం ఇంకా లోతైనది. ఒక్కరి అనుభవం ఆ వృత్తి మొత్తానికీ స్వరూపమని పిల్లలు అనుకుంటారు. ఆ పనిని ఇష్టంగా చేస్తున్నవారితో పాటు, వదిలేసి మరో దారి పట్టినవారిని కూడా పిలిస్తే ఆ పొరపాటు చాలావరకు తగ్గుతుంది.

చిన్న గదిని నేను ఇంతగా సమర్థించడానికి మరో కారణం, ప్రశ్న అడిగేది ఎవరన్నది. 2018లో ప్రచురితమైన ఒక అధ్యయనం కోసం 10 దేశాల్లో 247 విశ్వవిద్యాలయ సదస్సులను గమనించారు. మొదటి ప్రశ్న పురుషుడు అడిగిన చోట, ఆ తర్వాత మహిళలు అడిగిన ప్రశ్నల వాటా తక్కువగా ఉంది. చదువుకున్న పెద్దల మధ్యే ఇలా ఉంటే పిల్లల సంగతి చెప్పాలా? మా గదిలో ప్రశ్నలకు ముందు రెండు నిమిషాలు పక్కవారితో మాట్లాడుకోమంటాం, తోచింది కాగితం మీద రాసుకోమంటాం. మొదటి అవకాశం ఎప్పుడూ చేయెత్తని వారికి ఇస్తాం. నాలుగు వందల మంది ఉన్న హాల్లో మైకు ఎవరి దగ్గరికి చేరుతుందో ముందే తెలిసిన విషయం.

నా వాదానికి అడ్డు వచ్చే ఒక ఉదాహరణను దాచను. 1812లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అనే విజ్ఞాన సంస్థలో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఇచ్చిన ప్రసంగాలు వినడానికి, పుస్తకాల బైండింగ్ దుకాణంలో పని నేర్చుకుంటున్న మైకేల్ ఫారడే వెళ్లాడు. తర్వాత గొప్ప శాస్త్రవేత్త అయింది ఈయనే. టిక్కెట్లు ఇచ్చింది ఆ దుకాణానికి వచ్చే ఒక ఖాతాదారు. డేవీ అప్పటికే జనాన్ని ఉర్రూతలూగించే పెద్ద పేరు. ఫారడే నాలుగు ప్రసంగాలు విని, తన గమనికలను సాఫీగా రాసి, బైండు చేసి డేవీకే పంపాడు. 1813లో ఆయన దగ్గర సహాయకుడిగా చేరాడు. తర్వాత, 1825లో అదే సంస్థలో బాలల కోసం మొదలైన క్రిస్మస్ ప్రసంగాలను 19 ఏడాదులు తానే ఇచ్చాడు. అంటే పెద్ద పేరు కూడా ఒక జీవితాన్ని మలుపు తిప్పగలదు. కానీ తిప్పింది హాల్లో గడిపిన ఆ గంటలు మాత్రమే కావు, తర్వాత పంపిన ఆ పుస్తకం, దాన్ని తెరిచి చూసిన డేవీ. పెద్దవారిని పిలిచి తీరాలనుకుంటే ఆ దారి తెరిచి ఉంచాలి. సభకు ముందు అరగంట, పన్నెండు మంది విద్యార్థులతో చిన్న గదిలో కూర్చోమని లేఖలోనే అడగాలి. ఆ తర్వాత పిల్లలు రాసే ఉత్తరాలు బడి ద్వారా పంపవచ్చా అని కూడా అడగాలి. ఫోను నంబర్లు ఇచ్చిపుచ్చుకోవడం మాత్రం వద్దు. గదిలో ఒక ఉపాధ్యాయుడు ఎప్పుడూ ఉండాలి.

తెర మీద మాట్లాడించడం మూడో దారి. రాలేనంత దూరంలో ఉన్నవారికి అది చాలు, అంతకు మించి వాడను. సభ అయ్యాక వరండాలో అతిథి వెంట నడుస్తూ అడిగే ప్రశ్నకు అందులో చోటు లేదు.

అందుకే కొత్త సంఘానికి నా సలహా: మొదటి ఏడాది ముగ్గురు దగ్గరి మనుషులు, రెండో ఏడాది ఒక పెద్ద పేరు. అప్పటికి లేఖ రాయడం, సమయం పాటించడం, మాట దారి తప్పిన వక్తను మర్యాదగా వెనక్కి తీసుకురావడం పిల్లలకు అలవడుతుంది. లేఖలో వినేవారి వయసు, సంఖ్య, ఎంతసేపు, తెలుసుకోవాలనుకునే మూడు ప్రశ్నలు, వీలైన రెండు తేదీలు ఉంటే చాలు. పొగడ్తలు అక్కరలేదు.

ఇదంతా చెప్పాక పిల్లలు మళ్లీ చేతులెత్తారు. రెండు ఓట్ల తేడాతో ప్రయోగశాలలో పనిచేసే యువతి గెలిచింది. ఆమెకు లేఖ రాసే పనిని, సమావేశాల్లో ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి అడిగి మరీ తీసుకుంది. మర్నాడు చిత్తుప్రతి నా బల్ల మీద పెట్టింది. అందులో రెండు తేదీలున్నాయి, రెండూ పరీక్షలకు దూరంగానే ఉన్నాయి.