అర కిలో స్మోక్డ్ చికెన్, ఒక ఇనుప కడాయి

నల్గొండలో హైదరాబాద్ రోడ్డు మీద ఫ్రోజెన్ సరుకులు అమ్మే ఒక షాపులో పోయిన నెల స్మోక్డ్ చికెన్ ప్యాకెట్ కొన్నాను. అర కిలో 420 రూపాయలు. మామూలు చికెన్‌తో చూస్తే ధర ఎక్కువే. అయినా నిన్నటికి మూడుసార్లు, కూరగాయలతో చైనీస్ పద్ధతిలో పెద్ద మంట మీద వేయించి వండాను.

మా చిన్నోడికి క్లాక్ టవర్ దగ్గర బండి మీద చేసే నూడుల్స్ అంటే ప్రాణం. ఆ వాసన ఇంట్లో ఎందుకు రాదని అడుగుతూనే ఉంటాడు. బండివాళ్ల బర్నర్ మంట కడాయి అంచు దాటి లేస్తుంది, ఎగరేసినప్పుడు నూనెకు అంటుకుని ముక్కలకు పొగ పడుతుంది. చైనాలో కాంటనీస్ వంటవాళ్లు దీన్ని వాక్ హే అంటారు. ఇంటి గ్యాస్ స్టవ్‌కు అంత మంట ఎక్కడిది? ఈ చికెన్‌కైతే పొగ ముందే పట్టి ఉంటుంది. నాకు నచ్చింది అదే.

మొదటిసారి చెడగొట్టాను. కోసి చూస్తే లోపల గులాబీ రంగు. పచ్చిదేమోనని టెన్షన్ పడి పావుగంట వేయించాను, పీచు పీచైంది. పూర్తిగా ఉడికించిందే అని ప్యాకెట్ మీద రాసే ఉంది, నేను చదవలేదు. ఉప్పునీళ్లలో ఊరబెట్టి పొగబెట్టిన మాంసానికి ఆ రంగు ఉంటుందట. పైగా నేను రెండు చెంచాల సోయా సాస్, మళ్లీ ఉప్పు వేశాను. ఎవరూ తినలేకపోయారు.

ఇప్పుడు ఉప్పు అసలు వేయను. సోయా సాస్ ఒక్క చెంచా, కొద్దిగా వెనిగర్, చిటికెడు చక్కెర, మిరియాల పొడి, అంతే. వనపర్తి నుంచి అక్క పంపే గానుగ పల్లి నూనె నాకు ఇష్టమే కానీ పెద్ద మంటకు తొందరగా మాడుతుంది, దీనికి రిఫైన్డ్ నూనే వాడతాను. అల్లం, ఎల్లిపాయ సన్నగా తరగాలి, పేస్టు వేస్తే అడుగంటుతుంది. క్యారెట్, బీన్స్, క్యాప్సికం ఒకేసారి కుమ్మరిస్తే నీళ్లు వదిలి కూరలాగా ఉడికిపోతాయి. అందుకే రెండు వాయిలుగా వేయిస్తాను. చికెన్ చివర్లో, బాగా వేడెక్కి సాస్ పట్టేదాకా రెండు మూడు నిమిషాలు. దించాక ఉల్లికాడలు, వేయించిన నువ్వులు. చైనావాళ్లు వేయించిన నువ్వుల నుంచి తీసిన నూనె నాలుగు చుక్కలు వేస్తారు. మనం పచ్చళ్లలో పోసే నువ్వుల నూనెకు ఆ వాసన ఉండదు.

షాపు గురించి ఒక మాట. రెండోసారి ఇచ్చిన ప్యాకెట్‌లో ముక్కలన్నీ ఒకే గడ్డ, లోపలంతా మంచు. ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిందని చూడగానే తెలిసింది. బిల్లు చూపిస్తే మార్చి ఇచ్చారు కానీ, అడిగేదాకా ఊరుకోవడం నాకు నచ్చలేదు. కొనేటప్పుడు ప్యాకెట్ ఊపి చూడండి, ముక్కలు విడివిడిగా కదలాలి.

నిన్న దేవరకొండ దగ్గరి ఊరి నుంచి నాయిన వచ్చాడు. వంటింట్లోకి తొంగిచూసి, "బిడ్డా, కాల్చిన కోడి వాసనొస్తుంది గదా!" అన్నాడు. మా చిన్నప్పుడు నాయినమ్మ ఈకలు పీకిన కోడికి పసుపు రాసి గడ్డి మంట మీద కాల్చేది. అన్నం వద్దని, పొద్దున మిగిలిన జొన్నరొట్టె అడిగి మరీ దాంతో తిన్నాడు.