అరకు అద్దాల బోగీ టికెట్ ‘కన్ఫర్మ్ అన్నా’ అంటే నమ్మకండి

నిన్న సాయంత్రం వైజాగ్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పొద్దున ఇంటికొచ్చాం. బ్యాగులు విప్పకుండానే ఇది రాస్తున్నా, ఎందుకంటే రెండు రోజులాగితే నాకే ‘పోనీలే’ అనిపిస్తుంది. మాకు టికెట్లు ఇచ్చిన ట్రావెల్ ఏజెంట్‌కి కావాల్సింది కూడా అదే.

పేరు రాయను. అద్దాల బోగీలో అరకు అని రోజుకో రీల్ వదులుతాడే, అమీర్‌పేట వైపు ఆఫీసు, ఆయనే. మీలో సగం మందికి తెలిసే ఉంటాడు. నలుగురికి వైజాగ్, అరకు కలిపి 28 వేలు. విస్టాడోమ్‌కి, అంటే ఆ అద్దాల బోగీకి, విడిగా మనిషికి 1,500 చొప్పున ఇంకో ఆరు వేలు. అమ్మకు ఆ బోగీ ఎక్కాలని ఎన్నాళ్ళ నుంచో కోరిక, అందుకే బేరం కూడా ఆడలేదు.

శనివారం వైజాగ్‌లో బాగానే గడిచింది. ఆర్కే బీచ్‌లో సాయంత్రం దాకా కూర్చున్నాం. హైదరాబాద్ నుంచి వెళ్ళినవాళ్ళకి అక్కడ ఎవరికీ తొందర లేకపోవడమే పెద్ద వింత.

ఆదివారం తెల్లవారకముందే లేచి స్టేషన్‌కి వెళ్ళాం. అరకు మీదుగా వెళ్ళే కిరండూల్ రైలు ఏడు లోపే కదులుతుంది. అమ్మ కొత్త చీర కట్టుకుంది. బోగీ గుమ్మం దగ్గర టీటీఈకి ఫోన్‌లో టికెట్ చూపించా. ఆయన తన జాబితా చూసి, మళ్ళీ నా ఫోన్ చూసి, ‘మీ పేర్లు లేవండీ. ఇది వెయిటింగ్ లిస్ట్. చార్ట్ పడగానే దానంతటదే క్యాన్సిల్ అయిపోయింది’ అన్నాడు. నాకు వాట్సాప్‌లో వచ్చింది టికెట్ ఫొటో. స్టేటస్ ఉండే కింది భాగం కత్తిరించి పంపాడు మహానుభావుడు!

ఫోన్ చేశా. డబ్బు కట్టకముందు ‘అన్నా, మనోళ్ళే కదా’, కట్టాక ‘సార్’, అప్పుడు మాత్రం ‘చూడండీ’. ‘చూడండీ, సీట్లుంటేనే అని రూల్స్‌లో రాశాం, మీరు చదువుకోవాలి. అయినా రైలుకేగా, తిరుపతి దర్శనం తప్పిపోయినట్టు ఇంత గోల దేనికి?’ అని కట్ చేశాడు. స్పీకర్‌లో ఉంది. అమ్మ వింది. ‘పోనీలేరా, కొండలు ఎక్కడికీ పోవుగా’ అంది. ఆ మాటకి నాకు కోపం ఇంకా పెరిగింది.

అసలు సంగతి తర్వాత వెలిగింది. మొత్తం వెయిటింగ్‌లోనే ఉన్న ఈ-టికెట్ చార్ట్ తర్వాత రద్దయితే, క్లర్కేజీ (రైల్వే పట్టుకునే చిన్న ఛార్జీ) పోను డబ్బు బుక్ చేసినవాడి ఖాతాలోకే వెనక్కి వెళ్తుంది. అంటే మా టికెట్ల డబ్బు తిరిగి అతని జేబులోకే చేరుతుంది. నాకు మాత్రం ‘రిఫండ్ ఉండదు’ అని మెసేజ్!

సరే, జనరల్ బోగీలో ఇరుక్కుని వెళ్ళాం. సొరంగం వచ్చిన ప్రతిసారీ పిల్లలు అరిచారు. కిటికీ ఊచల్లోంచి లోయ కనిపించినంత చూసింది అమ్మ.

మధ్యాహ్నం మేమే ఆటో మాట్లాడుకుని గిరిజన మ్యూజియంకి వెళ్ళాం. అక్కడ ఆడవాళ్ళు ఒకరి నడుం వెనక ఒకరు చేతులు పెనవేసుకుని, డప్పుకి, మోరీ అనే ఊదే వాయిద్యానికి థింసా నృత్యం వేస్తుంటే అమ్మ ముఖం వెలిగిపోయింది. ఈ ట్రిప్‌లో నాకు మిగిలింది అదే. అందులో ఏజెంట్ వాటా సున్నా. అతని ప్యాకేజీలో ‘థింసా క్యాంప్ ఫైర్’ అంటే రాత్రి నాలుగు కట్టెలు, ఒక బ్లూటూత్ స్పీకర్, సినిమా పాటలు. సోమవారం సబ్‌మెరైన్ మ్యూజియం అని రాసి ఇచ్చాడు. ఆ మ్యూజియం, కురుసుర, సోమవారం మూసేస్తారు! వైజాగ్‌లో ఎవరినడిగినా చెబుతారు. గేటు బయట ఫొటో దిగి వచ్చాం.

నన్ను నేను తిట్టుకోవాల్సింది కూడా ఉంది. నేను అకౌంట్స్‌లో పనిచేస్తా. కంపెనీలో ఎవరు ట్యాక్సీ బిల్లు పెట్టినా నాలుగుసార్లు తిప్పి చూస్తా. పది అంకెల పీఎన్నార్ వారం రోజులు నా ఫోన్‌లోనే ఉంది. ఒక్కసారి కొట్టి చూడలేదు. ‘కళ్ళు మూసుకుని వెళ్ళండన్నా’ అన్నాడు, అక్షరాలా అలాగే వెళ్ళా.

మీరైతే పీఎన్నార్ నంబర్ అడిగి రైల్వే ఎంక్వయిరీ 139లో చూసుకోండి, చార్ట్ పడ్డాక మళ్ళీ చూడండి. ఇంకా మంచిది, మీ సొంత ఐడీతోనే బుక్ చేసుకోండి, రద్దయినా డబ్బు మీకే వస్తుంది.

ఆరు వేలు తిరిగి ఇవ్వమని పొద్దున మళ్ళీ మెసేజ్ పెట్టా. రెండు నీలం టిక్కులు పడ్డాయి. గంట తర్వాత అతని స్టేటస్‌లో కొత్త వీడియో, అదే అద్దాల బోగీ, ‘ఈ వారం నాలుగే సీట్లు’ అట.