జానీ ఇంగ్లిష్: మొదటిదా, రెండోదా?

పండక్కి పాలకొల్లులో ఇంటిల్లిపాదీ చేరినప్పుడు 'మిస్టర్ బీన్' రోవన్ అట్కిన్సన్ నవ్వించే గూఢచారిగా చేసిన 'జానీ ఇంగ్లిష్' మొదటి రెండు సినిమాల్లో ఏది వేయాలని అడిగితే, నా ఓటు రెండోదానికే.

విమర్శకులు రెండింటినీ నెత్తిన పెట్టుకోలేదు. 2003లో వచ్చిన మొదటిది చప్పగా ఉందని, నవ్వు ఎప్పుడో గానీ రాలేదని చాలామంది తేల్చేశారు. 2011 నాటి రెండోది 'రీబార్న్' దానికంటే కాస్త నయమన్నారు, కానీ అంతటి నటుణ్ణి మోటు, అరిగిపోయిన జోకులకి వాడేశారని బాధపడ్డారు. వసూళ్లు మాత్రం రెండింటికీ దాదాపు ఒకటే, ప్రపంచమంతా కలిపి సుమారు 16 కోట్ల డాలర్లు.

మొదటిదాంట్లో కథంతా బ్రిటన్ సింహాసనం చుట్టూ తిరుగుతుంది. రాజుగారి గొడవ మనకేం పట్టింది? పైగా మురుగు గొట్టంలోంచి పాకే సీను భోజనాల వేళ ఎవరూ చూడలేరు.

రెండోదాంట్లో దొంగ గోడలు దూకుతూ పారిపోతుంటే, మనవాడు లిఫ్టెక్కి తీరిగ్గా వెంబడిస్తాడు. ప్రధానమంత్రి ఎదుట మీటింగులో కుర్చీ తనంతట తానే పైకీ కిందికీ పోతుంటే, ముఖంలో గంభీరం చెదరనివ్వడు. ఆ నిమిషం కోసమైనా సినిమా చూడొచ్చు. విమర్శకులు మోటు అన్నది ఈ ఒళ్లు కదిపే హాస్యాన్నే. జంధ్యాల పుట్టిన నరసాపురం పక్కనే పెరిగి, మాటల చమత్కారానికి అలవాటుపడ్డ మా పెద్దవాళ్లు కూడా దీనికి పడిపడి నవ్వుతారు, ఎందుకంటే ఇంగ్లిష్ ఒక్క ముక్క రాకపోయినా అర్థమవుతుంది. విమర్శకుల తీర్పులో ఇది లెక్కకి రాకపోవడం నాకు అన్యాయమనిపిస్తుంది.