కారు హీటర్ మోటారు రిపేరుకి పంపేవాళ్లు జాగ్రత్త: నా మోటారు పోయింది, రంగేసిన తుక్కు వచ్చింది

ఇప్పుడే ఫోన్ పెట్టేసి రాస్తున్నాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి, తప్పులుంటే సర్దుకుని చదవండి.

పేరు రాయను. పాత కార్ల పార్టుల కోసం తిరిగేవాళ్లకి రాయక్కర్లేదు కూడా. "హీటర్ బ్లోయర్ మోటారు ఎక్కడా దొరకట్లేదు" అని ఎవరు మొత్తుకున్నా పది నిమిషాల్లో ప్రత్యక్షమై "అన్నా, మన దగ్గరికి పంపండి, కొత్తదానిలా చేసిస్తా" అంటాడే, ఆయనే. నేనూ అన్ననే అయ్యాను. డబ్బు చేరేదాకా.

కథ క్లుప్తంగా. నా కారు వయసు నా పెళ్లికన్నా ఎక్కువ. దాని హీటర్ మోటారు, అంటే వేడిగాలి ఫ్యాన్‌ని తిప్పేది, తయారీ ఎప్పుడో ఆపేశారు. వేరే కారుది తెచ్చి పెడదామంటే కుదరదు. బిగించే రేకు వేరు, షాఫ్ట్ (ఫ్యాన్ ఎక్కించే ఇరుసు) లావు వేరు, పొడవు వేరు, తిరిగే దిక్కు కూడా వేరు. అది రెండేళ్ల నుంచీ చలిలో ఆన్ చేయగానే కీచుమని అరిచేది, ఐదు నిమిషాలకి ఊరుకునేది. షాఫ్ట్ ఆనుకుని తిరిగే బుష్ ఎండిపోయిందని అర్థం. ఆ కంచు బుష్‌కి సన్నటి రంధ్రాలుంటాయి, వాటిలో నూనె పట్టి ఉంటుంది. అప్పుడే విప్పి రెండు చుక్కల మెషిన్ ఆయిల్ వేసుంటే ఈ పోస్టే ఉండేది కాదు. నేనేం చేశానంటే, గ్రిల్ సందులోంచి తుప్పు వదిలించే స్ప్రే కొట్టాను! అది ఉన్న కాస్త నూనెనీ కడిగేసి తనూ ఆవిరైపోయింది. వారం రోజులు నిశ్శబ్దం. నా తెలివికి నేనే మురిసిపోయాను.

తర్వాత ఫ్యాన్ చిన్న స్పీడులన్నీ పోయి ఫుల్ స్పీడు ఒక్కటే మిగిలింది. స్పీడు తగ్గించే రెసిస్టర్ కాలిందని కొత్తది వేశాను. అదీ కాలింది, ఈసారి కనెక్టర్ ప్లాస్టిక్ కూడా కరిగింది. మోటారు బిగుసుకుపోయి కరెంటు ఎక్కువ లాగుతోందని అప్పుడు గానీ బుర్రకెక్కలేదు. డ్యాష్‌బోర్డ్ విప్పడానికే రెండు ఆదివారాలు పట్టింది. గాలి లోపలికి వచ్చే దారి నిండా కుళ్లిన ఆకులు, వాటి మీదుగా నీళ్లు కారి మోటారు మీదే పడుతున్నాయి. సరే, ఇదంతా నా తప్పే, ఒప్పుకుంటున్నా.

ఆయన ఒప్పుకున్నది స్పష్టంగా ఇది: "మీ మోటారే అన్నా. బుష్‌లు, కార్బన్ బ్రష్‌లు మార్చి, కమ్యుటేటర్ సాపు చేసి మీకే పంపుతా." కమ్యుటేటర్ అంటే షాఫ్ట్‌తో పాటు తిరిగే రాగి భాగం, బ్రష్‌లు దానికి ఆనుకుని కరెంటు అందిస్తాయి. డబ్బు మొత్తం ముందే పంపాను. ఎందుకు పంపావని ఇంట్లో ఇప్పటికి నాలుగుసార్లు అడిగారు, ఐదోసారి మీరు అడగక్కర్లేదు. పంపేముందు నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని, మోటారు డబ్బా మీద మేకుతో చిన్న బాణం గీయడం. మూత ఏ కోణంలో ఉందో తెలిసేలా దాని మీదా, డబ్బా మీదా కలిపి రెండు గీతలు కూడా పెట్టాను. మూత కాస్త పక్కకి తిరిగినా బ్రష్‌ల స్థానం మారుతుందని.

పార్సిల్ వచ్చింది. విప్పితే నల్లగా నిగనిగలాడుతోంది. నిజంగా సంతోషించాను. తర్వాత చూస్తే గాలి రంధ్రాల్లో రంగు, బుష్ మీద రంగు, ఆఖరికి వైరు మీద కూడా రంగు. బాణం లేదు. రంగు కింద ఉందేమోనని గోటితో గీకాను. కింద తుప్పు తిన్న గుంటలు. పైన పటారం, లోన లొటారం అంటారే, అదే.

అసలు తమాషా షాఫ్ట్ దగ్గర. నా ఫ్యాన్ దానికి వదులుగా ఉంటుందని ఆయనకి ముందే తెలుసు. ఎలా తెలుసంటారా? షాఫ్ట్‌కి ఇన్సులేషన్ టేపు చుట్టి పంపాడు! వేడిగాలి పెట్టెలో, నిమిషానికి వేల చుట్లు తిరిగే చోట, టేపు.

అయినా ఆశ చావక బ్యాటరీకి కలిపాను. అటు తిరగాల్సింది ఇటు తిరిగింది. వైర్లు మార్చి కలిపితే దిక్కు సరిపోయింది గానీ బ్రష్‌ల దగ్గర వెల్డింగ్ చేస్తున్నట్టు నిప్పురవ్వలు. కొన్ని మోటార్లలో బ్రష్‌లని ఒక దిక్కుకి అనుకూలంగా కాస్త జరిపి పెడతారు, తిరగేసి నడిపితే అలాగే మండుతుంది. మీటరు పెడితే ఫ్యాన్ లేకుండా ఒట్టిగానే 7 ఆంపియర్లు లాగుతోంది. నా పాతది బాగున్న రోజుల్లో ఫ్యాన్‌తో కలిపి తీసుకున్నదే 6. ఇంకో మాట, ఈ డ్రమ్ము ఫ్యాన్ తిరగేసి తిరిగినా గాలి అదే వైపు నుంచి వస్తుంది, కాకపోతే నీరసంగా వస్తుంది. అందుకే ఈయన బాధితుల్లో చాలామంది "హీటర్ కొంచెం వీక్ అయిందిలే" అనుకుని సర్దుకుపోతున్నారేమో అని నా అనుమానం.

ఇప్పుడు ఫోన్ సంగతి. అసలు దీనికోసమే ఈ పోస్టు.

మూడు రోజులు ఎత్తలేదు. ఈరోజు వేరే నంబర్ నుంచి చేస్తే వెంటనే ఎత్తాడు. "అన్నా చెప్పండి" అన్నాడు. నేనెవరో చెప్పగానే అన్న పోయి సార్ వచ్చింది.

"తిరుగుతోందా లేదా సార్?"

"తిరుగుతోందండీ, కానీ అది నా మోటారు కాదు."

"మోటార్లన్నీ ఒకటే సార్. మీదాని మీద మీ పేరు రాసుందా?"

"పేరు కాదు, బాణం గీశాను. ఫోటో కూడా ఉంది."

కాసేపు మాట లేదు. వెనక గ్రైండర్ శబ్దం. సారీ చెప్తాడనుకున్నాను, పొరపాటున మారిపోయింది, వెనక్కి పంపండి అంటాడనుకున్నాను. ఆయనన్న మాట ఇదీ, అక్షరం మార్చకుండా రాస్తున్నా (ఆర్మేచర్ అంటే మోటారు లోపల తిరిగే తీగచుట్టల భాగం):

"మీది చాలా బాగుంది సార్. ఆర్మేచర్ మంచి కండిషన్. అందుకే ఇంకో కస్టమర్ అర్జెంటు అంటే ఆయనకి ఇచ్చేశాం."

నాకు నోట మాట రాలేదు. అబద్ధం చెప్పినా ఇంత బాధ ఉండేది కాదు. నన్ను మెచ్చుకుంటున్నట్టు చెప్పాడు! అమ్మాయికి మంచి సంబంధం కుదిరిందని కబురు చెప్పినట్టు. అది అమ్మడానికి ఇచ్చింది కాదండీ, బాగుచేసి ఇస్తానన్నారు కదా అంటే, "చూడు, గాలి వస్తోందిగా, ఇంకేం కావాలి నీకు? ఇష్టం లేకపోతే తుక్కులో వేసుకో" అని పెట్టేశాడు. అన్న నుంచి సార్‌కి, సార్ నుంచి నువ్వుకి, మొత్తం రెండు నిమిషాలు.

ఇదీ సంగతి. హీటర్ పెట్టె వెనక సీట్లో ఉంది, ముందు అద్దానికి ఆవిరి పడితే ఒక చేత్తో గుడ్డ పెట్టి తుడుచుకుంటూ నడుపుతున్నాను. వాన పడితే బండి తీయట్లేదు.

పంపక తప్పదనుకునేవాళ్లు పంపేముందు గుర్తు పెట్టి ఫోటోలు తీయండి, షాఫ్ట్ లావు కొలిచి తిరిగే దిక్కు రాసుకోండి, డబ్బు సగమే ఇవ్వండి. వెనక్కి పంపేముందు మీటరు పెట్టి నడిపిన వీడియో అడగండి, గుర్తు కనపడాలి అందులో. అరుపు మొదలైనప్పుడే నూనె వేసుకోండి, చుక్కలు మాత్రమే, ఎక్కువైతే కమ్యుటేటర్ మీదికి పాకుతుంది. గ్రీజు వద్దు, బుష్ రంధ్రాలు మూసుకుపోతాయి. మోటారు విప్పితే లోపలి వాషర్లు ఏ వరసలో వచ్చాయో చూసుకోండి. డబ్బాని సుత్తితో కొట్టకండి, అయస్కాంతాలు పగులుతాయి. ఇంతే నాకు తెలిసింది, మిగతాది ఆలస్యంగా తెలిసింది.

ఆ అర్జెంటు కస్టమర్ ఎవరో గానీ, ఇది చదువుతుంటే ఒక్కసారి మీ మోటారు డబ్బా మీద వైరు బయటికొచ్చే చోటు పక్కన చూడండి. చిన్న బాణం ఉంటుంది, వంకరగా, నాకు గీతలు సరిగ్గా రావు. మీతో నాకు గొడవేం లేదు, మీకూ తెలియదు కదా. తిరిగి ఇస్తే మీరు పెట్టిన డబ్బు నేనిస్తాను. ఇవ్వనంటే కనీసం చలికాలానికి ముందు ఆ వెనక బుష్‌లో రెండు చుక్కలు వేయండి. స్ప్రే మాత్రం కొట్టకండి.