లోడు దించకముందే బేలు కోసి చూడండి: గుర్రాలకు ఎండుగడ్డి కొనేవాళ్లకు జాగ్రత్త

ఈ మధ్య వచ్చిన ఒక లోడులో పై రెండు వరసల బేళ్లు (బిగించి కట్టిన గడ్డి మోపులు) పచ్చగా, కమ్మని వాసనతో ఉన్నాయి. కింది వరసల్లోవి కోస్తే గడ్డి అట్టల్లా అతుక్కుపోయి ఉంది, విడదీస్తే తెల్లటి పొడి లేచింది. అప్పటికే డబ్బు ఇచ్చేశారు. అమ్మినవాళ్లు "దించుకున్నారుగా, ఇక మా పూచీ లేదు" అనేశారు.

గడ్డి ఆరకముందే బేళ్లు కట్టడమే దీనికి కారణం. తేమ 15 శాతం దగ్గర ఉంటే గడ్డి నిలవ ఉంటుంది. 20 దాటితే బూజు పడుతుంది, ఇంకా పెరిగితే లోపల వేడి పుడుతుంది. తూకానికి కొంటే అదో నష్టం: 25 శాతం తేమ ఉన్న 20 కిలోల బేలులో 5 కిలోలు నీళ్లే.

పశువులు తింటున్నాయి కదా అని గుర్రానికి వేయకండి. గుర్రం వాంతి చేసుకోలేదు, లోపలికి పోయింది పోయినట్టే. బూజు గడ్డితో కడుపునొప్పి వస్తుంది. ఆ పొడి పీల్చి దగ్గు, ఆయాసం మొదలైతే కొన్ని గుర్రాలకు జీవితాంతం వదలదు. తడిపి పెడితే సరిపోతుందని కొందరు చెబుతారు. తడిపితే దుమ్ము అణుగుతుందే కానీ బూజు విషం పోదు.

లోడు పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి బేళ్లు మీరే ఎంచి కోయించండి. చెయ్యి మధ్యదాకా దూర్చండి, వెచ్చగా తగిలితే ఆ లోడు వద్దు. పిడికెడు గడ్డి మెలిపెట్టండి: కాడలు పుటుక్కున విరగాలి, తోలులా వంగితే పచ్చి ఇంకా ఉన్నట్టే. లావుపాటి కణుపులు ఆఖరున ఆరతాయి, వాటిని గోటితో గీరి చూడండి. గట్టిగా పిసికితే అరచేతిలో గుచ్చుకునే గడ్డి ముదిరాక కోసింది, కంకులు గింజ పట్టి ఉంటాయి. అందులో బలం తక్కువ.

రంగు ఒక్కటే చూసి మోసపోవద్దు. ఎండ తగిలి పైపొర పాలిపోయినా లోపల పచ్చగా ఉంటే ఫర్వాలేదు. లోపల గోధుమరంగుకు తిరిగి, మాడిన బెల్లంలా తియ్యటి వాసన వస్తే మాత్రం వేడికి మాడిన గడ్డి. గుర్రాలు దాన్ని ఇష్టంగానే తింటాయి, కానీ మాంసకృత్తులు ఒంటికి పట్టవు. "మా గుర్రాలు తింటున్నాయండీ" అన్న మాట నమ్మి కొనకండి.

లూసర్న్ (పప్పుజాతి మేత మొక్క) అయితే ఆకు చూడండి. మాంసకృత్తుల్లో ఎక్కువ భాగం ఆకులోనే ఉంటుంది, ఉత్త కాడలు కొంటే అది నేల మీద రాలిపోయినట్టే. కలుపు మొక్కలు, చచ్చిన ఎలుకలు, పాములు కనబడిన బేలు మొత్తం పారేయండి. కళేబరం ఉన్న గడ్డి బొటులిజంతో (కుళ్లిన కళేబరంలో పుట్టే సూక్ష్మజీవుల విషంతో కండరాలు చచ్చుబడే జబ్బు) గుర్రం ప్రాణం తీయగలదు.

నాలుగైదు బేళ్లు తూకం వేయించి, చెడ్డవి వెనక్కి తీసుకుంటామని రసీదు మీద రాయించాకే డబ్బు ఇవ్వండి. మంచి గడ్డి దొరికినా ఒక్కరోజులో మార్చకండి, పాతదాంట్లో కలుపుతూ 7 నుంచి 10 రోజులు తీసుకోండి.

ఇప్పటికే దించిన బేళ్లు వెచ్చగా ఉంటే కుప్ప వేయకుండా, గాలి ఆడేలా ఎడంగా పేర్చండి. కుప్పలోంచి పొగ, మాడు వాసన వస్తుంటే మాత్రం ఒక్క బేలూ లాగొద్దు. గాలి తగిలితే భగ్గున మంట లేస్తుంది. గుర్రాలను దూరంగా తోలి, అగ్నిమాపక సిబ్బందిని పిలవండి.